మొజార్ట్ ముత్తాత తలదాచుకున్న పేట

ఆగస్టు వచ్చిందంటే నాకు జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో ఉన్న ఫుగ్గరై గుర్తొస్తుంది. యాకోబ్ ఫుగ్గర్ ఆ పేదల పేటకు దానపత్రం రాసింది 1521 ఆగస్టు 23న.

ఫుగ్గర్ రాగి, వెండి వ్యాపారంలో గడించి, చక్రవర్తి ఎన్నికకే అప్పిచ్చిన షావుకారు. కష్టపడి బతుకుతూ కూడా లేమిలో చిక్కుకున్న ఊరివాళ్ల కోసమని పేట గుమ్మం మీద చెక్కించాడు. జబ్బుపడో, అప్పులపాలయ్యో చితికిన కూలీలు, చేతిపనివాళ్లు మళ్లీ నిలదొక్కుకోవాలని ఆయన ఉద్దేశం. ఏడాదికి ఒక గిల్డర్ అద్దె, దాతల కోసం రోజుకు మూడు ప్రార్థనలు. ప్రతి కుటుంబానికీ వీధిలోకి తెరుచుకునే సొంత తలుపు. గంట లాగే ఇనుప పిడి ఒక్కో గుమ్మానికి ఒక్కో ఆకారం: ఒకచోట మూడు రేకుల ఆకు, ఇంకోచోట పైన్ కాయ. దీపాల్లేని వీధిలో చేత్తో తడిమితే చాలు, మన ఇల్లేదో తెలిసిపోతుంది. నాకు ఆ పిడులంటే చెప్పలేనంత ఇష్టం. పేదవాడికీ తనదనే గుమ్మం ఉండాలని అనుకున్నవాళ్లే అలాంటివి చేయించగలరు.

ముప్పై ఏళ్ల యుద్ధంలో పేట దెబ్బతింది, మళ్లీ లేచింది. 1681లో ఫ్రాంజ్ మొజార్ట్ అనే తాపీమేస్త్రీ ఆస్తి కరిగిపోయి ఇక్కడికి చేరాడు. కొడుకు యోహాన్ గేయోర్గ్ అప్పటికి రెండేళ్లవాడు. పదమూడేళ్ల తర్వాత ఫ్రాంజ్ ఈ పేటలోనే కన్నుమూశాడు. ఆయన మళ్లీ సొంతిల్లు చూడలేదు. పిల్లవాడు మాత్రం పుస్తకాల బైండింగ్ పని నేర్చి, ఆ పనిలో మేస్త్రీ అయ్యాడు. అతని కొడుకు లియోపోల్డ్ వయొలిన్ విద్వాంసుడు. లియోపోల్డ్ కొడుకే లోకమంతా ఎరిగిన వోల్ఫ్‌గాంగ్ మొజార్ట్. ఒక ఇంటి ఫలితం ఒక్కోసారి తండ్రికి అందదు, కొడుకు చేతికొస్తుంది. పేదలకిచ్చిన ఇళ్ల వల్ల రెండేళ్లలో ఎంతమంది బాగుపడ్డారని లెక్కలడిగే అధికారులకు ఈ సంగతి ఎవరైనా చెప్పాలి.

1944 ఫిబ్రవరిలో బాంబులు పడి పేట చాలావరకు నేలమట్టమైంది. అదే నమూనాలో మళ్లీ కట్టారు. ఇప్పుడక్కడ దాదాపు 150 మంది ఉంటున్నారు. చాలామంది వయసు మళ్లినవాళ్లే. కొన్నాళ్లుండి లేచి వెళ్లే కుటుంబాల పేట అది ఇప్పుడు కాదు. అద్దె మాత్రం నేటికీ ఏడాదికి 88 యూరో సెంట్లే.

అక్కడ కుటుంబానికో తలుపు ఉంటే, మన నగరాల్లో చాలా నైట్ షెల్టర్లలో మగవాళ్లకు ఒకచోట, ఆడవాళ్లకు ఒకచోట పడక వేస్తారు. రోడ్డున పడ్డ కుటుంబం అక్కడ రెండు ముక్కలవుతుంది. భార్యాభర్తలు, పిల్లలు కలిసి ఏడాదో రెండేళ్లో ఉండేందుకు, సొంత తలుపున్న పది గదులైనా ప్రతి మున్సిపాలిటీ కట్టాలి.