పిఠాపురం హైవే నుంచి పశ్చిమ ఆఫ్రికా దాకా.. కాకినాడలో బియ్యం బస్తా ఓడ ఎలా ఎక్కుతుంది?

పశ్చిమ ఆఫ్రికాలోని బెనిన్, టోగో లాంటి దేశాల్లో వండే అన్నానికీ, మన పిఠాపురం మీదుగా వెళ్లే లారీకీ లింక్ ఉంది. ఆ లింకే కాకినాడ పోర్టు. ప్రపంచ బియ్యం వ్యాపారంలో భారత్ వాటా సుమారు 40 శాతం. ఆ ఎగుమతుల్లో కాకినాడది కీలక స్థానం. మరి మిల్లులో బయల్దేరిన బస్తా ఓడ దాకా ఎలా వెళ్తుంది? ఎక్కడ ఆగిపోతుంది? చూద్దాం.

రోడ్డు ఉంది.. రైలు మాత్రం చుట్టూ తిరగాలి

216వ నంబర్ జాతీయ రహదారి కత్తిపూడి దగ్గర మొదలై గొల్లప్రోలు, పిఠాపురం మీదుగా కాకినాడ చేరుతుంది. అక్కడి నుంచి తీరం వెంబడి ఒంగోలు దాకా సాగుతుంది. రైలు సంగతి వేరు. పిఠాపురం స్టేషన్ హౌరా-చెన్నై మెయిన్ లైన్‌పైనే ఉన్నా కాకినాడ ఆ లైన్‌పై లేదు. గూడ్స్ బండి సామర్లకోట దాకా వెళ్లి, అక్కడి నుంచి బ్రాంచ్ లైన్‌లో పోర్టుకు రావాలి. అందుకే పిఠాపురం-కాకినాడ మధ్య నేరుగా లైన్ వేయాలన్న డిమాండ్ దశాబ్దాలుగా వినిపిస్తోంది.

రెండు పోర్టులు.. రెండు పద్ధతులు

పాత యాంకరేజ్ పోర్టు దగ్గర సముద్రం లోతు తక్కువ. గోదావరి తెచ్చే ఒండ్రే ఇందుకు కారణం. దీంతో పెద్ద ఓడలు దూరంగా లంగరు వేస్తాయి. బస్తాలను బార్జిల్లో అక్కడికి తీసుకెళ్లి ఎక్కిస్తారు. హోప్ ఐలాండ్ అలలకు అడ్డుగోడలా నిలుస్తుంది. వాన పడితే మాత్రం లోడింగ్ ఆపేయాల్సిందే. డీప్ వాటర్ పోర్టులో ఓడ నేరుగా బెర్త్‌కే వస్తుంది. యాంకరేజ్‌లో రద్దీ తగ్గించేందుకు 2021లో ఇక్కడి నుంచీ బియ్యం ఎగుమతికి అనుమతి ఇచ్చారు.

ఢిల్లీ నిర్ణయం.. ఇక్కడ ప్రభావం

దేశంలో ధరలు పెరగకుండా కేంద్రం 2023 జులై 20న బాస్మతియేతర తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించింది. తర్వాత నెలలో ఉప్పుడు బియ్యంపై 20 శాతం సుంకం వేసింది. తెల్ల బియ్యంపై నిషేధం 2024 సెప్టెంబర్ 28న తొలగింది. ఇలాంటి నిర్ణయాలు వచ్చినప్పుడు దెబ్బ ఎగుమతిదారుడితో ఆగదు. లోడు లేకపోతే లారీకి కిరాయి లేదు, బార్జికి పని లేదు, హమాలీకి కూలి లేదు.

నిఘా కూడా ముఖ్యమే. 2024 నవంబర్‌లో ‘స్టెల్లా ఎల్’ ఓడలో రేషన్ బియ్యం వ్యవహారం బయటపడింది. డిప్యూటీ సీఎం, పిఠాపురం ఎమ్మెల్యే పవన్ కల్యాణ్ స్వయంగా పోర్టుకు వెళ్లడంతో ఇది దేశవ్యాప్తంగా చర్చకు వచ్చింది. ఆ ఓడ వారాల తరబడి కాకినాడ తీరంలోనే ఉండిపోయింది.

తర్వాతేంటి?

తొండంగి మండలం కోన దగ్గర సెజ్ పరిధిలో మరో పోర్టు రాబోతోంది. అది వస్తే పిఠాపురం పరిసరాల్లో సరుకు రవాణా ఇంకా పెరుగుతుంది. అందుకే ఇక్కడి వాళ్లు పోర్టు పనులతో పాటు రోడ్డు, రైలు లింక్‌లు ఎప్పుడు పూర్తవుతాయన్నది కూడా గమనించాలి.