ఓరుగల్లు పతనము: సేనానాయకత్వము నేర్పు పాఠము

ఖిల్లా వరంగల్లులోని కీర్తితోరణములను చూచి తలయూపనివారుండరు. వాని నడుమ ముక్కలై పడియున్న శిల్పములను చూచి నిట్టూర్పు విడువనివారును అరుదు. వెలుపల మట్టికోట, లోపల రాతికోట, చుట్టును అగడ్త. ఇంతటి దుర్గము శత్రువునకెట్లు చిక్కెను? ఈ ప్రశ్నకు మన పెద్దలు సాధారణముగా చెప్పు సమాధానము ఒక్కటియే: నాయకులలో నాయకులకు పొసగలేదు, ఇంటిగుట్టు లంకకు చేటయ్యెను. ఈ మాటలో కొంత నిజముండవచ్చును. కాని చరిత్రను నిదానించి చదివినచో అసలు లోపము వేరొకచోట కనబడును.

మనవారికి గెలుచుట తెలియనిది కాదు. 1303లో అల్లావుద్దీన్ ఖిల్జీ పంపిన సేన వంగదేశపు త్రోవను తెలంగాణమునకు వచ్చి, వానకాలపు బురదలో చిక్కి భంగపడి మరలిపోయెను. ఉప్పరపల్లి కడ తురుష్కుల గర్వమణచినవారిలో పోతుగంటి మైలి మున్నగువారిని వెలుగోటివారి వంశావళి పేర్కొనుచున్నది. రౌతులు బయట తిరుగాడుచు, నేలయెరిగి పోరాడిన యుద్ధమది.

1310లో మాలిక్ కాఫర్ వచ్చినపుడు కథ మారెను. కాకతీయసేనలో ప్రధానభాగము కోటలో చేరి తలుపులు వేసికొనెను. ఒక నాయకుడు వేయిమంది రౌతులతో రాత్రివేళ శత్రు శిబిరముపై పడెనని అమీర్ ఖుస్రో వ్రాసినాడు. సాహసమే, కాని అది ఒంటరి సాహసము. శత్రువు దానిని త్రిప్పికొట్టెను. ఢిల్లీకి వార్తలు పోవు త్రోవలును కొంతకాలము తెగిపోయినవి. ఈ రెండింటిని కలిపి నడపినచో ముట్టడించినవాడే ముట్టడిలో పడియుండెడివాడు. అట్లు జరుగలేదు. మట్టికోట పడిన పిమ్మట ప్రతాపరుద్రుడు సంధి చేసికొనెను. నూరు ఏనుగులు, 7,000 గుఱ్ఱములు ఇచ్చెనని బరనీ చెప్పుచున్నాడు. ఆ లెక్కలో అతిశయోక్తి కొంత యున్నను, రాజ్యపు అశ్వబలమునకు అది పెద్ద దెబ్బ యనుట స్పష్టము. ధనము పోయిన మరల వచ్చును. శిక్షణ గల గుఱ్ఱములు ఒక్క యేటిలో రావు.

1321లో ఘియాసుద్దీన్ తుగ్లక్ కుమారుడు ఉలుగ్ ఖాను ఓరుగల్లును ముట్టడించెను. కోట పడునన్న సమయమున ఢిల్లీనుండి టపా ఆగెను. సుల్తాను మరణించెనను పుకారు శిబిరములో పుట్టెను. కవి ఉబైదును, అతని మిత్రులును దానిని పుట్టించిరని బరనీ. ఉలుగ్ ఖానే చేయించెనని ఇబన్ బతూతా. ఎవరి మాట నిజమైనను ఫలితమొక్కటే. సర్దారులు తమ దళములతో విడిపోయిరి. కోటలోనివారు వెలువడి, చెదరిన సేనను దోచిరి. ఉలుగ్ ఖాను కొద్ది పరివారముతో దేవగిరి చేరెను.

ఇచ్చట పాఠకులు గమనింపవలసినది కలదు. ఆ క్షణమున ఇద్దరు నాయకులును తప్పు చేసినవారే. ఒకడు తన సేనకు వార్త అందునట్లు చూచుకొనలేదు. రెండవవాడు శత్రువు పోవుటయే విజయమనుకొనెను. కాని ఓడినవాడు తన తప్పును దిద్దుకొనెను, గెలిచినవాడు దిద్దుకొనలేదు. ఉలుగ్ ఖాను తండ్రివలన క్రొత్తబలము తెచ్చుకొని, ఈ మారు ముందుగా బీదరును పట్టి, వెనుకదారి భద్రపరచుకొని 1323లో మరల వచ్చెను. ఓరుగల్లులోనో విజయోత్సవములు జరిగెననియు, కోట గాదెలలోని ధాన్యము వెచ్చమయ్యెననియు చరిత్రకారులు చెప్పుచున్నారు. దుర్గమునకు గోడ యెంతయో గాదె యంత. ఆకలిగొన్న కోటను ఏ బురుజు కాపాడును? నెలల ముట్టడి పిదప కోట పడెను. బందీయై ఢిల్లీకి పోవుచు ప్రతాపరుద్రుడు నర్మదాతీరమున కన్నుమూసెనని విలస తామ్రశాసనము తెలుపుచున్నది.

నాయకుల అనైక్యమే సర్వకారణమన్నచో మరియొక ప్రశ్నకు జవాబు చెప్పవలసియుండును. ముసునూరి ప్రోలయనాయకుని, అతని తరువాత కాపయనాయకుని పిలుపునకు ఆ నాయకులే ఎట్లు కూడిరి? 1336 ప్రాంతమున ఓరుగల్లును ఎట్లు విడిపించిరి? పతనమైన పదునాలుగేండ్లలోపల జాతి స్వభావము మారునా? మారినది నాయకత్వము. కావున తప్పునంతను ఏదో ఒక కులముపైనో, వంశముపైనో మోపి, నేటికిని పరస్పరము నిందించుకొనుట చరిత్రకు న్యాయము కాదు, మన గ్రామమునకు మేలును కాదు.

వీరగాథలు వినుటకు రచ్చబండ చాలును. గెలుపోటముల కారణములు తూచుటకు గ్రంథము కావలయును. మనవారి శాసనమును, పరాయివాని గ్రంథమును ప్రక్కప్రక్కన నుంచి చదువు ఓర్పును గ్రంథాలయమే నేర్పును. ఇరువదియైదేండ్లుగా మన గ్రంథాలయము చేయుచున్న సేవ ఇదియే. గెలిచిననాడు గాదెను చూచుకొనవలెనను ఆ ఓరుగల్లు పాఠమును ఈ రజతోత్సవ సమయమున మనమును మరువకుందుము గాక!