జపాన్ పెంకు పురుగుకు పగవాడు ఈ ఈగ

ఇస్టోషెటా ఆల్‌డ్రిచి టాకినిడే కుటుంబానికి చెందిన పరాన్నజీవి ఈగ. దీని స్వస్థలం జపాన్. అక్కడి నుంచే అమెరికాకు చేరిన జపాన్ పెంకు పురుగును 1916లో న్యూజెర్సీ రాష్ట్రంలో తొలిసారి గుర్తించారు. గులాబీ, ద్రాక్ష సహా సుమారు 300 రకాల మొక్కలను అది తింటుంది. దాని సహజ శత్రువులు కొత్త గడ్డపై లేకపోవడంతో 1920వ దశకంలో శాస్త్రవేత్తలు ఈ ఈగను రప్పించారు.

ఆడ ఈగ పెంకు పురుగు తల వెనుక భాగంపై తెల్లని గుడ్లు పెడుతుంది. ఎక్కువగా ఆడ పురుగులనే ఎంచుకుంటుంది. సుమారు ఒక రోజులో వెలువడే లార్వా పెంకును తొలిచి లోపలికి చేరుతుంది. దాదాపు వారంలోపే పెంకు పురుగు నేలలో దాగి మరణిస్తుంది. దాని కళేబరంలోనే ఈగ కోశస్థ దశలో శీతకాలం గడుపుతుంది. ఏడాదికి ఒకటే తరం.

ఆడ పురుగులు పూర్తిగా గుడ్లు పెట్టకముందే చనిపోవడం ఈ పద్ధతికి బలం. కాలం కలిసిరాకపోవడం బలహీనత. న్యూజెర్సీ వంటి చోట్ల పెంకు పురుగులు రాకముందే ఈగలు వెలువడి, వాటి ఆయువు తీరిపోతుంది. చల్లని న్యూ ఇంగ్లండ్ ప్రాంతంలో ఇవి బాగా నిలదొక్కుకున్నాయి. అందుకే తెల్లని చుక్క ఉన్న పెంకు పురుగును చంపకుండా వదిలివేయాలని నిపుణులు తోటల యజమానులకు సూచిస్తారు. దానిని నలిపివేస్తే వచ్చే ఏటి ఈగ కూడా నశిస్తుంది.