ఆకాశమునకు పొలిమేరలు

1909 జూలై 25వ తేదీ ఉదయమున ఫ్రెంచి దేశీయుడైన లూయీ బ్లేరియో తాను నిర్మింపించిన చిన్న విమానములో సముద్రముపై నెగిరి, ఇంగ్లండులోని డోవరు కోట చెంత పచ్చికబయలులో దిగెను. అతడు దాటిన జలసంధి వెడల్పు సుమారు 22 మైళ్లు. పట్టిన కాలము 40 నిమిషములకు లోపే. కాని ఆ స్వల్ప ప్రయాణము ప్రభుత్వముల యెదుట పెద్ద చిక్కును నిలిపెను. ఓడరేవు త్రొక్కకుండ, సుంకపు ఠాణా ముందు నిలువకుండ, మానవుడు పరదేశమున కాలు మోపగలిగెను. మరి భూమికి పొలిమేర లున్నట్లు ఆకాశమునకును ఉన్నవా?

ఈ ప్రశ్నను తేల్చుటకు 1910లో పారిస్ నగరమున కొన్ని దేశముల ప్రతినిధులు సమావేశమైరి. ఏకాభిప్రాయము కుదరలేదు. తరువాత వచ్చిన మహాయుద్ధమే దానికి సమాధానము చెప్పెను. ఆకాశమునుండి బాంబులు పడుట చూచిన ప్రజలకు ఆకాశము అందరిసొత్తు అను మాట రుచింపలేదు. 1919 అక్టోబరు 13న పారిస్‌లోనే కుదిరిన ఒడంబడిక, ప్రతి రాజ్యమునకును తన భూభాగముపైనున్న ఆకాశమున సంపూర్ణాధికారము కలదని ప్రకటించెను. సరిహద్దు దాటు విమానమునకు యోగ్యతాపత్రము, దానిని నడుపువానికి అర్హతాపత్రము ఉండవలెనని శాసించెను.

ఈ యోగ్యతాపత్రము వట్టి కాగితము కాదు. చీల సడలిన బండి దారిలో నిలిచిపోవును. విమానమునకు నడిమింట నిలుచుటకు చోటు లేదు. అది పడినచో క్రిందనున్న ఇల్లు ఎవరిదో, పొలము ఎవరిదో! కర్మాగారములో ఒకే మచ్చున తయారగు విమానములను పరీక్షించి పత్రమిచ్చుట సులభము. కాని తన కొట్టములో, తన చేతులతో, దొరికిన సామగ్రితో ఒకడు కూర్చుకొన్న విమానమునకు ఎవరు పూచీపడుదురు?

ఈ చిక్కుకు చక్కని ఉదాహరణము డగ్లస్ కారిగన్ కథ. ఇతడు అమెరికా దేశపు మెకానిక్కు. 1927లో లిండ్‌బర్గు అట్లాంటిక్ దాటిన విమానము తయారైన కర్మాగారములో పనిచేసినవాడు. 1933లో 310 డాలర్లకు ఒక పాత విమానము కొని, రెండు పాత యంత్రముల భాగములతో ఒక యంత్రమును కూర్చి దాని కమర్చెను. పెట్రోలు తొట్లను హెచ్చించెను. 1935లో ఐర్లండుకు ఎగురుటకు అనుమతి కోరెను. ఆ విమానము నేలమీదుగా పోవుటకు తగునే కాని సముద్రము దాటుటకు తగదని అధికారులు నిరాకరించిరి. ఎన్ని మార్పులు చేసి అడిగినను అదే జవాబు.

1938 జూలై 17న కాలిఫోర్నియాకు తిరిగిపోవుటకు అనుమతి పొంది, కారిగన్ న్యూయార్కు నుండి బయలుదేరెను. పడమటికి పోవలసిన విమానము తూర్పునకు పోయెను. 28 గంటల 13 నిమిషములకు డబ్లిన్ సమీపమున దిగెను. పాస్‌పోర్టు లేదు, దిగుటకు అనుమతి లేదు. దిక్సూచిని తప్పుగా చదివితినని అతడు చెప్పెను. 1995లో మరణించువరకు ఆ మాట మార్చలేదు. అతనికి పడిన శిక్ష 14 దినములు అర్హతాపత్రము నిలిపివేయుట. ఓడపై తిరిగివచ్చిన అతనికి న్యూయార్కు ప్రజలు బ్రహ్మరథము పట్టిరి.

నిబంధనలను చూచి నవ్వినవారు ఒక విషయము మరచిరి. దారిలో పెట్రోలు కారి కారిగన్ కూర్చున్న గదిలో నిండెను. యంత్రపు వేడిగొట్టము లేని ప్రక్కను స్క్రూడ్రైవరుతో నేలకు చిల్లుపొడిచి దానిని బయటికి పోనిచ్చి, అతడు ప్రాణము దక్కించుకొనెను. అధికారుల భయము వట్టిది కాదు. అతని నేర్పును వట్టిది కాదు. కాదనుట నేర్చిన నిబంధన, ఎట్లయిన ఔనో చెప్పుట నేర్వలేదు. లోపమంతయు అచ్చటనే యున్నది.

1944 డిసెంబరు 7న చికాగో నగరమున కుదిరిన ఒడంబడిక నేటికిని అమలులో నున్నది. భారతదేశమును అందు చేరినది. కనీస ప్రమాణములకు లోబడి ఒక రాజ్యమిచ్చిన యోగ్యతాపత్రమును తక్కిన రాజ్యములు అంగీకరింపవలెను. ఆ ప్రమాణములను అందుకొనని విమానము, తాను ప్రవేశింపదలచిన ప్రతి రాజ్యము నుండియు అనుమతి పొందవలెను. సొంతముగా నిర్మించుకొన్న విమానములలో చాలవరకు ఈ రెండవ తరగతికి చెందును. వీని కొరకే ఐరోపా దేశముల పౌర విమానయాన సంఘము 1980లో ఒక సిఫారసు చేసినది. ఒక సభ్యదేశము పరీక్షించి ఎగురుటకు అనుజ్ఞ ఇచ్చిన గృహనిర్మిత విమానమును, తక్కిన సభ్యదేశములును తమ ఆకాశమున ఎగురనీయవలెనని దాని సారాంశము. ఇది ఆజ్ఞ కాదు. అంగీకరించుటయు, షరతులు విధించుటయు ఆయా దేశముల ఇష్టము.

ఒక ఊరి ముద్రవేసిన తూకపురాయి పొరుగూరి సంతలో చెల్లవలెనన్న, ఆ ముద్రపై రెండూళ్లకును నమ్మకముండవలెను. విమానము సంగతియు అంతే. ఎగురువాని సాహసము అతని సొంతము. అతని క్రింద నిద్రించువారి క్షేమము మాత్రము అందరిది. ఈ రెంటికిని పొత్తు కుదిర్చినప్పుడే అనుమతిపత్రము అడ్డుగోడ గాక వాకిలి యగును.