లోగో రూపకల్పన: చిక్కడపల్లి పరిసరాలు

దుకాణానికో, హోటల్‌కో, కాలనీ సంఘానికో పేరు రాసే తీరు, గుర్తు, రంగు కుదిర్చి, ఎక్కడ కనబడినా ఫలానావారిదేనని పోల్చుకునేలా చేయడమే లోగో రూపకల్పన. హైదరాబాద్‌లో లోయర్ ట్యాంక్ బండ్‌కు చేరువలోని చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్‌లలో మిఠాయి కొట్ల నుంచి కోచింగ్ సెంటర్ల దాకా అందరికీ ఇది అవసరమే.

అక్షరాలు

ఈ పనిలోని చిక్కు ఇక్కడి మూడు పేర్లలోనే ఉంది. ‘నారాయణగూడ’కు కింద ఒక్క వత్తూ లేదు, ఒకే వరుసలో సాఫీగా కూర్చుంటుంది. ‘చిక్కడపల్లి’కి కింద కవత్తు, లవత్తు, పైన రెండు గుడులు. ‘అశోక్‌నగర్’లో రెండు పొల్లులు పైకి లేస్తాయి. బోర్డు ఎత్తు మూడడుగులే అయితే, వత్తులకూ గుడులకూ చోటు వదిలాక అసలు అక్షరానికి మిగిలేది కొంచెమే. ఇంగ్లిషు పెద్దక్షరాలకు ఈ బాధ లేదు, పట్టీ అంతా నిండిపోతాయి. ముందు ఇంగ్లిషు గీసి, మిగిలిన సందులో తెలుగును ఇరికించిన బోర్డులు నలిగినట్టు ఉండటానికి కారణం ఇదే. వత్తుకు చోటు చూసుకున్నాకే అక్షరం కొలత తేల్చుకోవాలి. పైగా షాపులు, సంస్థల నిబంధనల ప్రకారం బోర్డు మీద తెలుగే పైన ఉండాలి, మిగతా భాషలు దాని కిందే.

కుంచె పట్టిన ఆర్టిస్టు ఈ సర్దుబాటు చేతితోనే చేసేవాడు. ఫ్లెక్సీ వచ్చాక ఆ పని ఫాంటు మీద పడింది. సిలికానాంధ్ర విడుదల చేసిన ‘రామభద్ర’ వంటి లావు ఫాంట్లు ఉచితం, వ్యాపారానికీ వాడుకోవచ్చు. అయితే ఫాంటులో పేరు కొట్టినంత మాత్రాన లోగో అయిపోదు. పక్క వీధి కొట్టువాడూ అదే ఫాంటు వాడతాడు.

చూపు

2020 ఫిబ్రవరిలో జేబీఎస్–ఎంజీబీఎస్ మెట్రో మొదలైంది. చిక్కడపల్లి, నారాయణగూడ స్టేషన్ల దారిలో బోర్డులు ఇప్పుడు స్తంభాల మధ్య నుంచి ముక్కలుగానే కనిపిస్తాయి. పొడవాటి పేరు కన్నా, ఒక్క చూపుకు అందే గుర్తు నయం.

సంఘాల చిహ్నాలు

సంఘాలవారు దీపం, పుస్తకం, పటం, చేతులు అన్నీ ఒకే వలయంలో కుక్కమంటారు. అది రసీదు పుస్తకం మీద, రబ్బరు స్టాంపు మీద నల్లటి మచ్చగా మారుతుంది. తెలంగాణ రాజముద్రలో ఏలె లక్ష్మణ్ 2014లో కాకతీయ తోరణాన్నీ చార్మినార్‌నూ ఒకదానిలో ఒకటి ఇమిడ్చారు గానీ, అది ప్రభుత్వ ముద్ర, అనుకరించేది కాదు. మూడు సింహాల గుర్తును వ్యాపారానికి వాడటాన్ని 2005 నాటి చట్టం నిషేధిస్తుంది.

హక్కు

ట్రేడ్‌మార్క్ నమోదు పదేళ్లు చెల్లుతుంది, తర్వాత పొడిగించుకోవచ్చు. తెలంగాణ దరఖాస్తులు చెన్నై కార్యాలయం పరిధిలోకి వస్తాయి. అంతకన్నా ముందు యజమాని అడిగి తీసుకోవలసింది కోరల్‌డ్రా ఫైలు. చేతిలో వాట్సాప్ బొమ్మ మాత్రమే ఉంటే, వచ్చే ఏడు ఇంకో ఫ్లెక్సీ షాపువాడు దాన్ని చూసి మళ్లీ గీస్తాడు, చిక్కడపల్లి లవత్తు ఎటో పోతుంది.