మైదానం గట్టు మీది ఆట

మన సంఘం సావనీరులో చదువుల గురించి, ఉపకార వేతనాల గురించి, పెండ్లిళ్లలో దుబారా గురించి పెద్దలు వ్రాస్తూనే ఉన్నారు. ఈసారి మేము ఫుట్‌బాల్ చూసే జనం గురించి వ్రాయదలచినాము. "సార్‌కు ఇంకేం దొర్కలేదా?" అని కొందరు నవ్వవచ్చు. నవ్వినా సరే, చివరి దాకా చదువవలసిందిగా కోరుతున్నాము.

మన మందమర్రి బొగ్గుగనుల ఊరు. ఇక్కడి దినచర్య షిఫ్టుల ప్రకారం నడుస్తుంది. మా చిన్నతనంలో పొరుగు ఊరి జట్టుతో మ్యాచ్ ఉన్నదంటే, ఫస్ట్ షిఫ్టు దిగినవాళ్లు స్నానం చేసి తల ఆరకముందే మైదానం చేరేవారు. సెకండ్ షిఫ్టు పడినవాళ్లలో కొందరు ఆ రోజు నాగా పెట్టేవారు. గట్టు మీద, సైకిల్ సీట్ల మీద, చెట్ల కొమ్మల మీద జనమే జనం. పల్లికాయల పొట్లాలు చేతులు మారేవి. మన చాచాలు "కొట్టురా, కొట్టు!" అని తెలుగులో అరిస్తే, పక్కనున్న తెలుగు అన్నలు "మారో, మారో!" అని కేకలు వేసేవారు. అస్ర్ నమాజుకు లేచిపోయిన పెద్దమనిషి జాగాను, ఆయన వచ్చేదాకా పక్కవాళ్లే కాపాడేవారు. ఆ గట్టు మీద మేము నేర్చుకున్నది బడిలో నేర్చుకున్నదానికి తక్కువేమీ కాదు.

ఒకే ఊరి జట్లు గాని, పొరుగూళ్ల జట్లు గాని తలపడితే దానిని ఇంగ్లీషువాళ్లు డెర్బీ అంటారు. దూరపు వానితో ఓడితే రెండు రోజులలో మరచిపోతాము. పొరుగువానితో ఓడితే మరునాడు బజారులో మళ్లీ అతని మొహమే చూడాలి. డెర్బీలో వేడి అందుకే ఎక్కువ. మన దేశంలో ఈ వేడికి పెట్టింది పేరు కలకత్తా.

1911 జూలై 29న అక్కడ ఐ.ఎఫ్.ఏ. షీల్డు ఫైనల్ జరిగింది. మోహన్ బగాన్ జట్టులో ఒక్కరు తప్ప మిగిలినవారంతా వట్టి కాళ్లతో ఆడి, ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంటు అనే తెల్లవారి పటాలం జట్టును 2-1తో ఓడించినారు. దూరాన నిలబడి ఆట కనిపించనివారికి స్కోరు తెలిపేందుకు పతంగులు ఎగురవేసినారట! తమకు కనిపించిన దానిని ఇతరులకు కూడా చూపించాలని ఆ జనం అనుకొన్నారు.

అదే నగరంలో 1891లో స్థాపించిన మహమ్మడన్ స్పోర్టింగ్ క్లబ్, 1934లో కలకత్తా లీగు గెలిచిన మొదటి భారతీయ జట్టు అయింది. 1938 దాకా వరుసగా 5 సార్లు లీగు గెలిచి, 1940లో ఢిల్లీలో డ్యూరాండ్ కప్పు కూడా సాధించింది. దేశంలోని ముస్లిములు గర్వించినారు. గర్వించదగినదే. కాని ఆ కాలపు రాజకీయాల వేడిలో గోలును మతం గెలుపుగా, ఓటమిని మతం ఓటమిగా లెక్కించే అలవాటు కూడా పెరిగింది. ఈ మాట దాచుకొంటే చరిత్ర అనిపించుకోదు.

మన హైదరాబాదు వేరొక దారి చూపింది. ఆ దారికి పెద్ద సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబ్. ఆయన మా వలె బడిపంతులు, హైదరాబాదులో ఉర్దూ షరీఫ్, దారుల్ ఉలూం బడులలో చదువు చెప్పినవారు. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా 5 సార్లు రోవర్స్ కప్పు గెలిచింది. రహీం సాహెబ్ తయారు చేసిన భారత జట్టు 1962 సెప్టెంబరు 4న జకార్తాలో ఏషియన్ గేమ్స్ ఫైనల్ ఆడింది. ఇజ్రాయిల్, తైవాన్ జట్లను రానివ్వనందుకు మన దేశపు క్రీడాధికారి ఒకరు ఆక్షేపణ తెలిపినారు. దానిపై కోపించి అక్కడి జనం మన రాయబార కార్యాలయం మీదకే దండెత్తినారు. స్టేడియంలో దాదాపు లక్షమంది మన జట్టును గేలి చేసినారు. తలకు కుట్లు పడి ఉన్న జర్నైల్ సింగ్ ఒక గోలు, పి.కె. బెనర్జీ ఒక గోలు కొట్టగా, మనవాళ్లు దక్షిణ కొరియాను 2-1తో గెలిచి బంగారు పతకం తెచ్చినారు. మన హైదరాబాదు సోదరులు బలరాం, యూసుఫ్ ఖాన్ ఆ జట్టులో వారే.

ఆ లక్షమందిలో మన జట్టుకు చప్పట్లు కొట్టినవారు ఎవరో తెలుసునా? హాకీ ఫైనల్లో మనలను ఓడించిన పాకిస్తాన్ హాకీ ఆటగాళ్లు! ఈ సంగతి మన ఆటగాళ్లే తరువాత చెప్పుకొన్నారు. మైదానంలో ఎదిరి అయినవాడు గట్టు మీద దోస్తు కావచ్చునని దీనివల్ల తెలుస్తున్నది.

ఇక దుఃఖకరమైన రోజు 1980 ఆగస్టు 16. కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ ఆడుతున్నాయి. ఇద్దరు ఆటగాళ్లు కలబడగా రెఫరీ ఇద్దరినీ బయటకు పంపినాడు. ఆ నిప్పు జనంలోకి పాకింది. తొక్కిసలాటలో 16 మంది చనిపోయినారు. ఆట చూసి వస్తామని ఇంట్లో చెప్పి వెళ్లినవారు తిరిగి రాలేదు. వారి జ్ఞాపకార్థం బెంగాలులో ఆ తేదీన రక్తదాన శిబిరాలు పెడతారు.

ఆ సంఘటన గురించి చదివినప్పుడల్లా మాకు ఒక సాయంత్రం గుర్తుకు వస్తుంది. చాలా ఏండ్ల కింద ఒక మ్యాచ్‌లో పెనాల్టీ విషయమై గొడవ లేచింది. గట్టు మీద నుండి రాళ్లు పడినాయి. మా పక్కన కూర్చున్న పిల్లవాని చేతిలో కూడా రాయి ఉన్నది. వానికి అక్షరాలు దిద్దించినవాళ్లము మేమే. మేము చూసి కూడా వాని చెయ్యి పట్టుకొనలేదు. రాయి ఎవరికీ తగలలేదు, గొడవ సర్దుకొన్నది. కాని అది మా అదృష్టమే తప్ప మా మంచితనం కాదు. ఆ రోజు మగ్రిబ్ నమాజులో మనస్సు నిలువలేదు.

కాబట్టి మన సభ్యులకు మా మనవి ఇది. మ్యాచ్‌కు పిల్లలను ఒంటరిగా తోలకండి, పెద్దలు కూడా వెళ్లి వాళ్ల నడుమ కూర్చోండి. తప్పు నిర్ణయం వస్తే సబ్ర్ ఎట్లా చేయాలో పిల్లవాడు మన మొహం చూసి నేర్చుకొంటాడు. రెఫరీని గాని, ఎదుటి జట్టును గాని కులం, మతం పేర తిట్టే నోరు మన ఇంటిది కారాదు. ఓడిన జట్టుకు మొదటి గ్లాసు నీళ్లు మన చేతి నుండే అందాలి. పొరుగువాని హక్కు గురించి మనము మసీదులో వింటున్నాము. అది మైదానంలో కూడా వర్తిస్తుంది గదా!

ఆనాటి ఆ పిల్లవాడు ఇప్పుడు ఇద్దరు బిడ్డల తండ్రి. గట్టు మీద మళ్లీ పక్కపక్కన కూర్చునే రోజు వస్తే, ఈసారి మేము చెయ్యి పట్టుకొంటాము. అల్లాహ్ మన పిల్లలకు ఆటలో బలాన్ని, గెలుపులో అదబ్‌ను, ఓటమిలో సబ్ర్‌ను ప్రసాదించుగాక. ఆమీన్.