రోదసి నౌకకు కిటికీ ఎందుకు?

1968 ఏప్రిల్‌లో విడుదలైన స్టాన్లీ కుబ్రిక్ సినిమా ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’లో రోదసి ప్రయాణమంటే ఖరీదైన విమాన ప్రయాణమే. నౌక మీద పాన్ ఆమ్ విమాన సంస్థ గుర్తు, లోపల ఎయిర్‌హోస్టెస్, స్టేషన్‌ చేరితే ఎర్రటి కుర్చీల లాంజ్, హిల్టన్ హోటల్. ఈ నౌకల రూపకల్పనలో పాలుపంచుకున్న ఫ్రెడరిక్ ఆర్డ్‌వే, హ్యారీ లాంగె అంతకుముందు నాసాలో పనిచేసినవాళ్లు. ఆ హంగులన్నిటికన్నా నాకు విలువైనదిగా కనిపించేది మరుగుదొడ్డి దగ్గరున్న సూచనల పలక. బరువు తెలియని చోట దాన్ని ఎలా వాడాలో బారెడు రాసి ఉంటుంది. ప్రయాణికుడు నిలబడి శ్రద్ధగా చదువుకుంటాడు. ఊహానౌకనైనా నిజం నౌకనైనా అంచనా వేయడం ఇక్కడే మొదలవ్వాలి: అందులో మనిషికి రోజెలా గడుస్తుంది? ఈ ప్రశ్న అడగకపోతే ఏమవుతుందో ఆ రోజుల్లోనే నాసాకు తెలిసివచ్చింది.

1979లో నెత్తిన పడుతుందని మన పల్లెలను వణికించిన స్కైలాబ్ అంతరిక్ష కేంద్రం సంగతే ఇది. రాకెట్ ఇంధన ట్యాంకునే నివాసంగా మార్చాలన్నది మొదటి ఆలోచన. యంత్రాలన్నీ అమరాయి కానీ, మనుషులు ఎలా బతుకుతారన్నది ఎవరూ గట్టిగా పట్టించుకోలేదు. అప్పుడు నాసా రేమండ్ లోవీ సలహా అడిగింది. రైలింజన్లకు, కార్లకు, ప్రయాణికుల ఓడలకు రూపమిచ్చిన మనిషి ఆయన. 1968 ఫిబ్రవరిలో ఆయన బృందం ఇచ్చిన నివేదిక మొహమాటం లేకుండా మాట్లాడింది: అమరిక గజిబిజిగా ఉంది, రంగులు దిగులు పుట్టిస్తున్నాయి. కలిసి కూర్చుని తినడానికి ఒక గది కావాలంది. పడక దగ్గర ఎవరి చాటు వాళ్లకు ఉండాలని, బయటికి చూడటానికి కిటికీ తప్పనిసరని కూడా లోవీ వాదించాడు.

ఇంజనీర్లు కిటికీకి ఒప్పుకోలేదు. గోడకు రంధ్రం పెడితే బలం తగ్గుతుంది, ఖర్చు పెరుగుతుంది, పైగా వెళ్లేది కఠిన శిక్షణ పొందినవాళ్లు. ఈ అభ్యంతరాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. రోదసిలో గోడ పగిలితే ప్రాణాలే పోతాయి. కానీ ఓర్చుకోవడానికీ ఒక హద్దుంటుంది. 1973 మేలో ఎగిరిన స్కైలాబ్‌లో ముగ్గురేసి చొప్పున మూడు బృందాలు 28, 59, 84 రోజులు గడిపాయి. చివరికి భోజనాల గదిలో అడుగున్నర వెడల్పున అమర్చిన ఆ కిటికీయే తీరిక వేళల్లో వాళ్లకు ప్రధాన కాలక్షేపమైంది. ముగ్గురికీ మూడు పడక గదులు దక్కాయి. భోజనాల బల్లను మూడు పక్కలతో చేశారు. ఎవరూ పెద్దపీట మీద కూర్చున్నట్టు ఉండదు.

అలాగని సౌకర్యం పేరుతో పెట్టినవన్నీ నెగ్గలేదు. మడతపెట్టే స్నానపు గొట్టం వినడానికి విలాసమే. స్నానమయ్యాక ఒంటికీ గోడలకూ అంటుకున్న నీటి బొట్లను పీల్చే యంత్రంతో ఒక్కొక్కటిగా లాగాలి. ఆ యాతనకు బోలెడు సమయం పట్టేది. తడిగుడ్డతో తుడుచుకోవడమే మేలనిపించేది. కిటికీని గెలిపించిన కొలతే దీన్ని ఓడించింది. లోవీ నగిషీలు అడగలేదు. మనిషి తినే చోటు, పడుకునే చోటు, చూసే చోటు అడిగాడు. అందుకే ఆయన మాట నిలిచింది. 2010 ఫిబ్రవరిలో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి తగిలించిన కుపోలా అనే గదిలో ఏడు కిటికీలు పెట్టారు.